ఇరవై మిల్లీగ్రాముల లెక్క

నోటి క్యాన్సర్ ముదిరిపోయి, ఆపరేషన్‌తోనో రేడియేషన్‌తోనో నయమయ్యే దశ దాటిన రోగులకు మన దేశంలో కొందరు వైద్యులు ఇప్పుడు రాస్తున్న చీటీలో నాలుగు మందులుంటాయి. వారానికొకసారి మెథోట్రెక్సేట్. రోజూ సెలికాక్సిబ్, ఎర్లోటినిబ్ మాత్రలు. మూడు వారాలకొకసారి సెలైన్‌లో కలిపి నరంలోకి ఎక్కించే నివోలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు, 20 మిల్లీగ్రాములు. నివోలుమాబ్‌కు మామూలుగా వాడే మోతాదు రెండు వారాలకు 240 మిల్లీగ్రాములు. వారం లెక్కన చూస్తే ఈ చీటీలో ఉన్నది అందులో పద్దెనిమిదో వంతు.

వినగానే ఎవరికైనా అనుమానం వస్తుంది. డబ్బు లేనివాడికి మందు తగ్గించి సరిపెడుతున్నారా? కాదు. ఆ ఇరవై మిల్లీగ్రాముల వెనక, మనిషి రక్తంలోంచి తీసిన కణాలను గొట్టంలో పోసి, ఒక్కొక్కదాన్నీ లేజర్ వెలుగులో పరీక్షించిన ప్రయోగం ఉంది. ఆ ప్రయోగం ఏమిటో, దాని చుట్టూ అల్లుకున్న కథలో గోదావరి జిల్లాల మనుషుల పాలు ఎంతో తెలుసుకోవడం మనకు అవసరం. ఎందుకంటే ఈ జబ్బు మనది.

రాజమహేంద్రవరానికీ పొగాకుకూ చుట్టరికం పాతది. గోదావరి లంకల్లో ఒండ్రు నేల మీద పండే లంక పొగాకు చుట్టలకు పేరుపడింది. కేంద్ర పొగాకు పరిశోధన సంస్థను 1947లో ఈ ఊళ్లోనే పెట్టారు. చుట్టను నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు కోస్తాలో, ముఖ్యంగా విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు ఆడవాళ్లలో ఉండేది. దానివల్ల అంగిట్లో క్యాన్సర్ పుడుతోందని 1957లోనే వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. ఇప్పుడు చుట్ట తగ్గింది, గుట్కా, ఖైనీ వచ్చాయి. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదిలో పెదవి, నోటి క్యాన్సర్ కొత్తగా వచ్చినవాళ్లు సుమారు 1 లక్షా 43 వేల మంది. మన దేశపు మగవాళ్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపిస్తున్న క్యాన్సర్ ఇదే. చాలామంది ఆసుపత్రికి చేరేసరికే ఆలస్యమైపోతోంది.

చీటీలో మొదటి పేరు

మెథోట్రెక్సేట్ కథ భీమవరంలో మొదలవుతుంది. 1895 జనవరి 12న అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు రాజమహేంద్రవరంలో చదువుకున్నారు. ఆ రోజుల్లో దగ్గరివాళ్లు జబ్బులతో పోవడంతో చదువు చెదిరింది. చివరికి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మూడో ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. అమెరికా వెళ్లి, లెడర్లె కంపెనీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది.

కణం ఒకటి రెండు కావాలంటే ముందు డీఎన్‌ఏకు నకలు తయారు కావాలి. ఆ పనికి ఫోలిక్ ఆమ్లం తప్పనిసరి. చూడ్డానికి ఫోలిక్ ఆమ్లంలాగే ఉండి, దాని చోట్లో కూర్చుని, పని మాత్రం సాగనివ్వని అణువులను కూడా ఆ బృందమే తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినాప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు ఇచ్చి చూశారు. 1948 జూన్‌లో అచ్చయిన ఆ ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. మందుతో రక్తక్యాన్సర్‌ను వెనక్కి నెట్టవచ్చన్న నమ్మకం వైద్యులకు కలిగింది అక్కడి నుంచే. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. అమినాప్టెరిన్ వెంటనే వచ్చిన, దానికంటే నిలకడైన మందే మెథోట్రెక్సేట్.

ఈ మందు క్యాన్సర్ కణాలనే కాదు, వేగంగా చీలే ఏ కణాన్నయినా అడ్డుకుంటుంది. మన రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలు శత్రువును గుర్తుపట్టాక రోజులో రెండు మూడుసార్లు చీలగలవు కాబట్టి వాటినీ అడ్డుకుంటుంది. అందుకే ఎముక మజ్జ మార్పిడి చేసినప్పుడు, దాత నుంచి వచ్చిన టీ కణాలు రోగి శరీరం మీద తిరగబడకుండా మెథోట్రెక్సేట్ ఇస్తారు. కీళ్లవాతానికీ ఇదే మందు, వారానికి ఒక్కసారే, కొద్ది మోతాదులో. (మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా కీళ్లనొప్పులకు ఈ మాత్ర వాడుతుంటే ఒకటికి రెండుసార్లు చూసుకోండి. వారానికొకసారి వేసుకోవాల్సింది పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.)

రోగనిరోధక కణాలను అణిచే మందు ఒకటి, వాటిని లేపే మందు ఇంకొకటి. రెండూ ఒకే చీటీలో ఎందుకున్నాయి? దానికి జవాబు చెప్పాలంటే ముందు టీ కణం దగ్గరికి వెళ్లాలి.

గొట్టంలో తెల్లటి వలయం

టీ కణం అడ్డుకొలత మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదు. ఎముక మజ్జలో పుట్టి, రొమ్ము ఎముక వెనకనున్న థైమస్ గ్రంథిలో తర్ఫీదు పొందుతుంది. సొంత శరీరం మీద విరుచుకుపడే స్వభావం ఉన్నవాటిలో చాలావాటిని థైమస్ అక్కడే చంపేస్తుంది. మిగిలినవి రక్తంలోకి, లింఫు గ్రంథుల్లోకి వెళ్లి తిరుగుతుంటాయి. మన శరీరంలోని దాదాపు ప్రతి కణం తన లోపల తయారవుతున్న ప్రొటీన్ల చిన్నచిన్న ముక్కలను పైపొర మీదికి తెచ్చి చూపిస్తూ ఉంటుంది. టీ కణం వాటిని తడిమి చూస్తుంది. వైరస్ ముక్కో, క్యాన్సర్ వల్ల రూపం మారిన ప్రొటీన్ ముక్కో తగిలితే ఆ కణానికి అంటుకుపోతుంది. పెర్ఫోరిన్ అనే ప్రొటీన్‌తో దాని పైపొరకు రంధ్రాలు పొడిచి, గ్రాంజైమ్ అనే ఎంజైములను లోపలికి పంపుతుంది. ఆ కణం చచ్చిపోతుంది. టీ కణం ఇంకోదాన్ని వెతుక్కుంటూ పోతుంది.

ఇదంతా మనుషుల్లో జరుగుతుందని తెలియడానికి మనుషుల కణాలే కావాలి. ఎలుకల మీద చేసిన పనితో సగం దూరమే వెళ్లగలం. మనిషి చేతి నరంలోంచి తీసిన పది మిల్లీలీటర్ల రక్తంలో కోటికి పైగా లింఫోసైట్లు, అంటే టీ కణాలూ వాటి జాతివీ ఉంటాయి. కాని వాటితో పాటు కొన్ని వేల కోట్ల ఎర్రకణాలుంటాయి. వేరుచేయడం ఎలా?

1968లో నార్వే శాస్త్రవేత్త ఆర్నె బోయుమ్ చూపించిన పద్ధతి ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతోంది. గొట్టం అడుగున ఫికాల్ అనే చిక్కటి చక్కెర ద్రావణం పోస్తారు. దాని సాంద్రత మిల్లీలీటరుకు 1.077 గ్రాములు. దాని మీద, కలిసిపోకుండా, పలుచన చేసిన రక్తాన్ని గోడ వెంట మెల్లగా జారవిడుస్తారు. చెయ్యి వణికితే రెండూ కలిసిపోయి నమూనా పాడవుతుంది. తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో అరగంట పాటు తిప్పుతారు. ఎర్రకణాలు బరువైనవి, ఫికాల్‌ను దాటుకుని అడుగుకు చేరతాయి. పసుపురంగు ప్లాస్మా పైన మిగులుతుంది. రెండింటి మధ్య, ఫికాల్ మీద తేలుతూ, పలుచని తెల్లటి వలయం ఒకటి ఏర్పడుతుంది. మనిషి రోగనిరోధక వ్యవస్థలో పరిశోధకుడికి కావలసినదంతా దాదాపు ఆ వలయంలోనే ఉంది. పిపెట్‌తో దాన్ని పీల్చి, కడిగి, వెంటనే వాడతారు, లేదా ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి దాస్తారు. ఏళ్ల తర్వాత కరిగించినా ఆ కణాల్లో చాలావరకు బతికి లేస్తాయి.

ఆ వలయంలోని లింఫోసైట్లన్నీ సూక్ష్మదర్శినిలో దాదాపు ఒకేలా కనిపిస్తాయి. ఏది ఏదో తెలుసుకోవడానికి వాటి పైపొర మీది ప్రొటీన్లకు మాత్రమే అంటుకునే యాంటీబాడీలను వాడతారు. ఒక్కో యాంటీబాడీకి ఒక్కో మెరిసే రంగు తగిలిస్తారు. అప్పుడు కణాలను సన్నటి ధారలో ఒకదాని వెనక ఒకటిగా లేజర్ ముందు నడిపిస్తే, ఫ్లో సైటోమీటర్ అనే యంత్రం సెకనుకు వేల కణాల రంగులు చదువుతుంది. సీడీ3 అనే ప్రొటీన్ ఉంటే టీ కణం. దానితో పాటు సీడీ8 కూడా ఉంటే చంపే టీ కణం. దాని మీద పీడీ-1 ఎంత ఉందో కూడా ఆ రంగు గాఢతే చెబుతుంది.

ఈ పీడీ-1 దగ్గరే మన కథ మలుపు తిరిగింది.

ఆగమనే సంకేతం

క్యోటోలో తసుకు హోంజో ప్రయోగశాల 1992లో పీడీ-1 జన్యువును కనిపెట్టింది. దాని పనేమిటో తెలియడానికి మరికొన్నేళ్లు పట్టింది. ఆ జన్యువు లేని ఎలుకల్లో రోగనిరోధక కణాలు సొంత అవయవాల మీదే తిరగబడ్డాయి. అంటే పీడీ-1 ఉన్నది టీ కణాన్ని ఆపడానికి. టీ కణం రంగంలోకి దిగినప్పుడే దాని పైపొర మీద పీడీ-1 మొలుస్తుంది. ఎదుటి కణం మీద పీడీ-ఎల్1 అనే ప్రొటీన్ ఉండి ఈ రెండూ కలిస్తే టీ కణం వెనక్కి తగ్గుతుంది. ఇది మంచి ఏర్పాటే. ఇది లేకపోతే మన టీ కణాలు మన అవయవాలనే పాడుచేసే ప్రమాదం ఉంటుంది.

క్యాన్సర్ కణం ఈ ఏర్పాటును తనకు అనుకూలంగా వాడుకుంటుంది. టీ కణాలు దాడి చేసేటప్పుడు ఇంటర్‌ఫెరాన్ గామా అనే పదార్థాన్ని విడుస్తాయి. అది తగలగానే గడ్డలోని కణాలు తమ మీద పీడీ-ఎల్1ను పెంచుకుంటాయి. దాడి ఎంత గట్టిదైతే ఆ రక్షణ అంత గట్టిదవుతుంది. గడ్డ లోపల టీ కణాలు ఉంటాయి, శత్రువును ఆనుకునే ఉంటాయి, చేతులు మాత్రం ఆడవు. పాతికేళ్ల కిందటి దాకా, రోగనిరోధక శక్తిని పెంచితే క్యాన్సర్ పోతుందనుకుని చేసిన చికిత్సల్లో చాలావరకు విఫలం కావడానికి ఇదొక కారణం. కావలసినది బలం కాదు, అడ్డు తొలగడం. అమెరికాలో జేమ్స్ అలిసన్ 1996లో సీటీఎల్ఏ-4 అనే మరో ఆపే ప్రొటీన్ మీద ఎలుకల్లో ఇదే నిరూపించారు. ఆయనకూ హోంజోకూ కలిపి 2018లో నోబెల్ ఇచ్చారు.

"ఇమ్యూనిటీ పెంచే" పొడులూ కషాయాలూ క్యాన్సర్ రోగులకు అమ్మేవాళ్లు మన ఊళ్లలో తక్కువేం లేరు. ఏ పొడీ పీడీ-1ను కప్పలేదు. ఆ డబ్బు రోగి తిండికి పెట్టండి.

కాకినాడ నుంచి ఎలుక దాకా

పీడీ-1ను కప్పేయాలంటే దానికి మాత్రమే అంటుకునే యాంటీబాడీ కావాలి. 1975లో కోలర్, మిల్‌స్టీన్ ఒకే రకం యాంటీబాడీని ఎంత కావాలంటే అంత తయారుచేసే విద్య కనిపెట్టారు గాని అవి ఎలుక యాంటీబాడీలు. మనిషికి ఎక్కిస్తే శరీరం వాటినే పరాయివిగా గుర్తించి ధ్వంసం చేసేది. 1986లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి యాంటీబాడీ మందుకు ఈ ఇబ్బంది తప్పలేదు. కావలసినది మనిషి యాంటీబాడీ. మనిషికి క్యాన్సర్ ప్రొటీన్లు పొడిచి యాంటీబాడీలు పుట్టించలేం కదా.

ఈ చిక్కు విప్పినవాళ్లలో రాజు కుచ్చెర్లపాటి ఒకరు. కాకినాడలో పుట్టి, అక్కడి పిఠాపురం రాజా ప్రభుత్వ కళాశాలలో, తర్వాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివారు. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం నుంచి 1972లో పీహెచ్‌డీ పొందారు. మనిషి క్రోమోజోములో కోరుకున్న చోటే డీఎన్‌ఏ ముక్కను చొప్పించవచ్చని 1985లో చూపించిన పరిశోధనపత్రం మీద ఆలివర్ స్మితీస్‌తో పాటు ఆయన పేరూ ఉంది. జన్యువులను గురిపెట్టి మార్చే ఆ విద్యకే స్మితీస్‌కు 2007లో నోబెల్ వచ్చింది.

ఆ విద్యతోనే కుచ్చెర్లపాటి, ఆయా జాకొబోవిట్స్, వాళ్ల సహచరులు సెల్ జెనెసిస్, ఆ తర్వాత ఆబ్జెనిక్స్ అనే కంపెనీల్లో ఒక కొత్త ఎలుకను తయారుచేశారు. దాని పేరు జీనోమౌస్. ముందుగా ఎలుక సొంత యాంటీబాడీ జన్యువులను పనిచేయకుండా చేశారు. తర్వాత మనిషి యాంటీబాడీ జన్యువులున్న పొడవాటి డీఎన్‌ఏను, ఈస్టు కణాల్లో పెంచిన కృత్రిమ క్రోమోజోముల రూపంలో దానికి అందించారు. 1994లో మొదటి ఫలితాలు, 1997లో ఇంకా పెద్ద జన్యుభాగంతో మెరుగైన ఎలుక అచ్చులోకి వచ్చాయి. దీనికి ఏ ప్రొటీన్ పొడిచినా అది పుట్టించేది మనిషి యాంటీబాడీనే.

ఈ ఎలుక నుంచి వచ్చిన పానిటుముమాబ్ 2006లో పెద్దపేగు క్యాన్సర్‌కు అనుమతి పొందింది. ఇమ్యునోథెరపీలో సీటీఎల్ఏ-4ను అడ్డుకునే ట్రెమెలిముమాబ్, పీడీ-ఎల్1ను అడ్డుకునే డుర్వలుమాబ్ రెండూ జీనోమౌస్ సంతానమే. 2022 అక్టోబరులో ఆ రెండింటి జోడీకి కాలేయ క్యాన్సర్‌లో అమెరికా అనుమతి దొరికింది. మన నివోలుమాబ్ మాత్రం ఇదే ఆలోచనతో మెడారెక్స్ అనే మరో కంపెనీ తయారుచేసిన పోటీ ఎలుక నుంచి వచ్చింది. శాస్త్రంలో ఒకే తలుపును ఇద్దరు ముగ్గురు ఒకేసారి తడుతుంటారు. ఎవరు తెరిచినా రోగి లోపలికి వెళ్తాడు.

ఎంత మందు చాలు?

ఇక అసలు విషయం. కీమో మందుల మోతాదు నిర్ణయించేందుకు పాత పద్ధతి ఒకటుంది. కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. రోగి తట్టుకోలేని చోట ఆగి, దానికి ఒక మెట్టు కింద మోతాదు ఖాయం చేయాలి. విషంతో క్యాన్సర్‌ను చంపుతున్నప్పుడు ఇది సబబే. నివోలుమాబ్ విషం కాదు. దాని పని పీడీ-1 మీద వాలి కూర్చోవడం. ఉన్న పీడీ-1లన్నీ నిండాక ఎక్కువ పోస్తే ఏమవుతుంది?

2010లో జూలీ బ్రాహ్మర్, ఆమె సహచరులు 39 మంది రోగుల మీద చేసిన తొలి పరీక్షను ప్రచురించారు. బరువు కిలోకు 0.3 మిల్లీగ్రాముల నుంచి 10 మిల్లీగ్రాముల దాకా నాలుగు మోతాదులు ఇచ్చారు. రోగుల రక్తం తీసి, పైన చెప్పినట్టే తెల్లటి వలయాన్ని వేరుచేశారు. ఆ కణాలను రెండు వాటాలు చేశారు. ఒక వాటాను అలాగే ఉంచి, శరీరంలో ఉండగానే ఎన్ని పీడీ-1ల మీద మందు కూర్చుందో చూశారు. రెండో వాటాలో గొట్టంలోనే ఇంకా మందు పోసి, ఖాళీగా మిగిలినవాటిని కూడా నింపేశారు. రెండింటినీ మెరిసే రంగుతో గుర్తించి యంత్రంలో నడిపారు. మొదటి అంకెను రెండోదానితో భాగిస్తే ఎంత శాతం నిండిందో తేలుతుంది. ఇంత సులువైన భాగహారంలో ఎంత పెద్ద సంగతి బయటపడిందో చూడండి. మోతాదు ఏదైనా సరే, రెండు నెలలు దాటినా సరే, సగటున 70 శాతానికి పైగా పీడీ-1 మందుతో నిండే ఉంది. 0.3 నుంచి 10కి, అంటే మోతాదు ముప్ఫై రెట్లకు పైగా పెరిగినా, ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

గోదావరి రేవులో యాభై మంది పట్టే పంటు ఉందనుకోండి. యాభై మంది ఎక్కాక గట్టు మీద ఇంకో వెయ్యి మంది నిలబడినా పంటులో జనం పెరగరు.

అరవై కిలోల మనిషికి కిలోకు 0.3 చొప్పున లెక్క వేస్తే 18 మిల్లీగ్రాములు. 20 మిల్లీగ్రాములు అన్న అంకె దాని పక్కనే ఉంది.

అయినా మందు మార్కెట్లోకి వచ్చింది పెద్ద మోతాదుతోనే. ఒక అభ్యంతరం న్యాయమైనది కూడా: రక్తంలోని టీ కణాల మీద నిండినంత మాత్రాన, గడ్డ లోపల ఇరుక్కున్న టీ కణాల మీదా అంతే నిండిందని చెప్పలేం. మందు అక్కడిదాకా చొరబడాలి. కాబట్టి గొట్టంలో తేలినదాన్ని రోగుల మీద పరీక్షించి తీరాలి.

ఆ పరీక్ష ముంబయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రిలో జరిగింది. విజయ్ పాటిల్, కుమార్ ప్రభాష్ బృందం తల, మెడ క్యాన్సర్లు ముదిరిన 151 మందిని రెండు జట్లుగా విడదీసింది. మెథోట్రెక్సేట్, సెలికాక్సిబ్, ఎర్లోటినిబ్ రెండు జట్లకూ సమానం. రెండో జట్టుకు అదనంగా మూడు వారాలకొకసారి 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్. 2022 అక్టోబరులో ఫలితాలు వచ్చాయి. ఏడాది తర్వాత బతికి ఉన్నవాళ్లు మొదటి జట్టులో 16.3 శాతం, రెండో జట్టులో 43.4 శాతం. మధ్యస్థ ఆయుష్షు 6.7 నెలల నుంచి 10.1 నెలలకు పెరిగింది. తీవ్రమైన దుష్ప్రభావాలు పెరగలేదు, 50 శాతానికి బదులు 46.1 శాతం కనిపించాయి.

మూడున్నర నెలలే కదా అనిపించవచ్చు. మధ్యస్థ అంకె అలాగే కనిపిస్తుంది. కాని వందమందిలో అదనంగా 27 మంది ఏడాది గడప దాటారు. ఇమ్యునోథెరపీ స్వభావమే అది. చాలామందికి ఏమీ చేయదు, పనిచేసినవాళ్లకు చాలాకాలం చేస్తుంది. ఈ పరీక్ష చిన్న మోతాదును పెద్ద మోతాదుతో నేరుగా పోల్చలేదని కూడా చెప్పాలి. ఏమీ ఇవ్వకపోవడం కంటే కొంచెం ఇవ్వడం ఎంతో మేలని మాత్రం తేల్చింది. మనలాంటి దేశాల్లో ఈ దశ రోగుల్లో అనుమతి పొందిన ఖరీదైన చికిత్సలు అందేది నూటికి ఒకరికో ముగ్గురికో అని ఆ పరిశోధకులే రాశారు. అందుకే ఆ పోలిక మన దేశానికి సరైన పోలిక.

ఇందాకటి ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చు. టీ కణాల చీలికను అడ్డుకునే మెథోట్రెక్సేట్ ఉండగానే నివోలుమాబ్ ఫలితం ఇచ్చింది. రెండు జట్లకూ ఆ మాత్రలు సమానమే కాబట్టి తేడా అంతా నివోలుమాబ్‌దే. ఇలా కొద్ది మోతాదులో క్రమంగా ఇచ్చే కీమో, గడ్డ తనకోసం పెంచుకునే కొత్త రక్తనాళాలను దెబ్బతీస్తుందని వైద్యుల భావన. మందు ఒకటే అయినా మోతాదు మారితే పని మారుతుంది. సుబ్బారావు ప్రయోగశాల నుంచి వచ్చిన అణువు ఏడున్నర దశాబ్దాలు దాటాక కూడా కొత్త పని నేర్చుకుంటూనే ఉంది.

టీ కణాలను బయటికి తీసి, జన్యువు మార్చి తిరిగి ఎక్కించే కార్-టీ చికిత్స వేరే దారి. ఐఐటీ బొంబాయిలో రాహుల్ పూర్వార్ బృందం టాటా మెమోరియల్‌తో కలిసి తయారుచేసిన నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. అమెరికాలో మూడు కోట్ల రూపాయలు దాటే చికిత్సను దాదాపు పదో వంతు ఖర్చుకు తెచ్చారు. గర్వపడాల్సిన పనే. కాని అది బీ కణాల రక్తక్యాన్సర్లకు మాత్రమే, నోటి క్యాన్సర్‌కు పనికిరాదు.

కంపెనీలు తమ మందు మోతాదు తగ్గించే పరీక్షలకు డబ్బు పెట్టవు. పెట్టాలని ఆశించడమూ వృథా. ఆ పని ప్రభుత్వ సంస్థలదే, ప్రజల డబ్బుతో నడిచే ఆసుపత్రులదే. సెంట్రిఫ్యూజ్, ఫ్లో సైటోమీటర్ ఇప్పుడు అందని యంత్రాలేమీ కావు. పొగాకు పరిశోధనకు 1947లోనే జాతీయ సంస్థను పెట్టుకున్న ఊళ్లో, ఆ పొగాకు దెబ్బతీసిన రోగుల రక్తాన్ని పరీక్షించే ప్రయోగశాల కూడా ఉండాలి. మోతాదు ఎంత చాలో మన రోగుల కణాల మీద మనమే తేల్చుకోవాలి.

ఇమ్యునోథెరపీ తీసుకుంటున్నవాళ్ల ఇళ్లకు ఒక్క మాట. ఈ మందు ఆపు సంకేతాన్ని తీసేస్తుంది కాబట్టి టీ కణాలు పేగుల మీదో, ఊపిరితిత్తుల మీదో, థైరాయిడ్ మీదో, అరుదుగా గుండె మీదో తిరగబడవచ్చు. ఇంజెక్షన్ అయి నెలలు గడిచాక కూడా ఇది రావచ్చు. నీళ్ల విరేచనాలు ఆగకపోయినా, పొడిదగ్గుతో ఆయాసం వచ్చినా, విపరీతమైన నీరసం పట్టినా మెడికల్ షాపులో మాత్ర కొనుక్కుని ఊరుకోవద్దు. చికిత్స చేస్తున్న డాక్టరుకు అదే రోజు చెప్పండి. సమయానికి స్టెరాయిడ్లు మొదలుపెడితే చాలావరకు అదుపులోకి వస్తుంది.

నోట్లో పుండో, తెల్లటి మచ్చో మూడు వారాల్లో మానకపోతే చూపించుకోండి. తొలిదశలో అయితే చాలామందికి ఆపరేషన్‌తోనే నయమవుతుంది, ఈ చీటీ అవసరమే రాదు. ఆ దశ దాటిపోయి, ఖర్చు భరించలేక ఇమ్యునోథెరపీ వద్దనుకుంటున్న కుటుంబం ఏదైనా మీకు తెలిసి ఉంటే, ఇరవై మిల్లీగ్రాముల నివోలుమాబ్ తమకు పనికొస్తుందేమో క్యాన్సర్ డాక్టరును అడగమని చెప్పండి.